గాజుబుడ్డిలో ఎలక్ట్రాన్లు: ఢిల్లీలో ఒక కిట్ చెప్పిన కథ

మీ ఇంటి అటక మీద పాత వాల్వు రేడియో ఏదైనా ఉందా? ఉంటే ఒకసారి దించి, వెనక అట్ట విప్పి చూడండి. ప్లగ్గు మాత్రం పెట్టకండి, ఎందుకో తరువాత చెబుతాను. దుమ్ము పట్టిన గాజుబుడ్లు నాలుగో ఐదో కనిపిస్తాయి. ఒక్కొక్క దాని లోపలివైపు, అద్దానికి వెనక పూత పూసినట్లు, వెండిరంగు మచ్చ ఉంటుంది. అది బేరియం లోహం. బుడ్డిలోంచి గాలిని లాగేసి మూతి మూసిన తరువాత కూడా లోపల కొద్దిపాటి వాయువులు మిగిలిపోతాయి. వాటిని పీల్చుకోవడానికి బేరియాన్ని లోపలే ఆవిరి చేసి గాజుకు పట్టిస్తారు. మచ్చ ఇంకా మెరుస్తూ ఉంటే లోపలి శూన్యం పదిలంగా ఉన్నట్టు. పాలలా తెల్లబడిపోతే గాలి చొరబడిందన్నమాట, ఇక ఆ వాల్వు పనికిరాదు.

మా తాతగారింట్లో అలాంటి రేడియో ఉండేది. మీట తిప్పగానే మాట్లాడేది కాదు. అరనిమిషంసేపు మౌనం, వెనక సందుల్లోంచి ఎర్రటి వెలుగు, ఆ తరువాత ఎక్కడో బావిలోంచి పైకి వస్తున్నట్టు గొంతు. ఆయనకు ఢిల్లీ నుంచి వెలువడే తెలుగు వార్తలు తప్పిపోకూడదు. అందుకని వార్తలకు రెండు నిమిషాలు ముందే మీట తిప్పేవారు. ఆ మౌనంలో లోపల ఏం జరుగుతోందో నాకు ఎమ్మెస్సీలో గాని అర్థం కాలేదు. చేతులతో తడిమి తెలుసుకున్నది మాత్రం పోయిన చలికాలంలోనే, తూర్పు ఢిల్లీలో మేముండే ఫ్లాట్‌లో, భోజనాల బల్ల మీద.

నోయిడాలో ఇంజనీరింగ్ చదివే మా మేనల్లుడు గిటారు వాయిస్తాడు. వాడొక రోజు అట్టపెట్టె మోసుకొచ్చి, "మామయ్యా, ఇది మనం కట్టాలి" అన్నాడు. అది వాల్వు గిటారు యాంప్లిఫయర్ కిట్. ఖాళీ ఛాసీ, మూడు వాల్వులు, రెండు ట్రాన్స్‌ఫార్మర్లు, గుప్పెడు రెసిస్టెన్సులు, కండెన్సర్లు, గుడ్డచుట్టు తీగలు, ఒక సర్క్యూట్ పటం. ప్రింటెడ్ బోర్డు లేదు, ప్రతి అతుకూ చేత్తో టంకం వేయాల్సిందే. అమెరికాలో ఫెండర్ కంపెనీ 1950ల ద్వితీయార్ధంలో చేసిన 'చాంప్' అనే చిన్న యాంప్లిఫయర్‌కు అది నకలు. ఆ కంపెనీ పెట్టిన లియో ఫెండర్ కాలిఫోర్నియాలో రేడియోలు బాగుచేసిన మనిషి. ఆయనకు గిటారు వాయించడం రాదు. రేడియోలోని చివరి భాగాన్నే కొద్దిగా మార్చి గిటారుకు తగిలించాడనుకుంటే పెద్ద తప్పేమీ కాదు.

తూము తలుపు

వాల్వు పనిచేసే తీరు తెలుసుకోవడానికి చెరువు తూమును తలుచుకోండి. తలుపును వేలెడు ఎత్తితే చాలు, కాలవ నిండా నీళ్లు పారతాయి. ఎత్తడానికి పట్టిన బలం కొంచెం, పారే నీటి బలం చాలా. వాల్వులో నీటికి బదులు ఎలక్ట్రాన్లు. మధ్యలో సన్నటి నికెల్ గొట్టం, దాని మీద బేరియం, స్ట్రాన్షియం ఆక్సైడ్ల పూత: అది కాథోడ్. గొట్టం లోపలి తీగ దాన్ని మసక ఎరుపుకు కాగిస్తుంది. కాగిన పూత నుంచి ఎలక్ట్రాన్లు బయటకు దూకుతాయి. చుట్టూ ఉన్న లోహపు రేకుకు ధన వోల్టేజి ఇస్తే అవి అటు పరుగెడతాయి. నడుమ వెంట్రుక కన్నా సన్నటి తీగతో చుట్టిన జల్లెడ ఒకటుంటుంది. దాన్ని గ్రిడ్ అంటారు. అదే తూము తలుపు. గ్రిడ్ మీది వోల్టేజి రవ్వంత మారితే రేకును చేరే ప్రవాహం బోలెడంత మారుతుంది.

ఇది ఒక్కరి బుర్రలో పుట్టింది కాదు. ఎడిసన్ 1883లో దీపపు బుడ్డిలో ఈ ప్రవాహాన్ని చూశాడు గాని దాన్ని ఏం చేసుకోవాలో ఆయనకు తోచలేదు. ఫ్లెమింగ్ 1904లో దాన్ని ఒకవైపే తెరుచుకునే కవాటంగా వాడాడు. వాల్వు అన్న పేరు అలా వచ్చిందే. లీ డి ఫారెస్ట్ 1906లో మూడో ధ్రువాన్ని చేర్చాడు. అది ఎందుకు పనిచేస్తోందో ఆయన సరిగా గ్రహించలేదు. లోపల కొంత వాయువు ఉండాలనే అనుకున్నాడు. శూన్యం ఎంత గట్టిగా ఉంటే అంత మంచిదని 1912-13 ప్రాంతంలో ఇతరులు తేల్చాకే వాల్వు నమ్మదగిన పరికరమైంది.

మా కిట్‌లో మొదటి వాల్వు పేరు 12ఏఎక్స్7. ఒకే గాజులో రెండు ట్రయోడ్లు. గిటారు తీగ కదిలితే పికప్‌లో పుట్టేది వోల్టులో పదో వంతు అటూ ఇటూ. ఈ వాల్వులో ఒక్కొక్క సగం దాన్ని యాభై రెట్లకు పైగా పెంచుతుంది. రెండో వాల్వు 6వి6, స్పీకరును కదిలించే బలం దానిది. మూడోది ఏసీని డీసీగా మార్చే 5వై3. అంతా కలిసి ఇచ్చేది 5 వాట్లు. తక్కువ అనుకునేరు! మీట పూర్తిగా తిప్పితే పై అంతస్తువాళ్లు కిందికి దిగివస్తారు.

తేదీలు చూడండి. 12ఏఎక్స్7ను అమెరికాలో ఆర్‌సీఏ సంస్థ విడుదల చేసింది 1947 సెప్టెంబరులో, మనకు స్వాతంత్ర్యం వచ్చిన నెలకు. అదే ఏడాది డిసెంబరులో బెల్ ప్రయోగశాలలో ట్రాన్సిస్టర్ పుట్టింది. వాల్వుల కుటుంబంలో అన్నిటికన్నా దీర్ఘాయుష్షు పోసుకున్న బిడ్డ పుట్టిన మూడు నెలలకే, ఆ కుటుంబాన్ని ఇంటి నుంచి గెంటేయబోయేది పక్కగదిలో పుట్టిందన్నమాట.

పూసా కొండల దగ్గర

కాగిన లోహం నుంచి ఎలక్ట్రాన్లు ఎందుకు, ఎన్ని బయటపడతాయన్నది రిచర్డ్‌సన్ అనే ఆంగ్ల శాస్త్రవేత్త లెక్క కట్టాడు. ఆయనకు 1928 నోబెల్ బహుమతి దక్కింది. ఆ ఏడే కలకత్తాలో సి.వి. రామన్‌తో కలిసి కె.ఎస్. కృష్ణన్ కాంతి పరిక్షేపణంపై చేసిన పని లోకానికి తెలిసింది. అది మనందరం పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నదే. అదే కృష్ణన్ తరువాతి కాలంలో ఢిల్లీలో కూర్చుని వాల్వు గుండెకాయలాంటి ప్రశ్న మీద పనిచేశారన్నది మాత్రం మన పుస్తకాల్లో అంతగా కనిపించదు.

జాతీయ భౌతిక ప్రయోగశాలకు 1947 జనవరిలో నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1950 జనవరి 21న ప్రారంభమైంది. మొదటి డైరెక్టరు కృష్ణన్. 1950లలో ఆయన, ఎస్.సి. జైన్ కలిసి వేడెక్కిన పదార్థాల నుంచి ఎలక్ట్రాన్ల ఉద్గారాన్ని కొలిచారు. పద్ధతి ముచ్చటైనది. గ్రాఫైట్‌తో గదిలాంటి గుల్ల చేసి శూన్యంలో బాగా కాగిస్తే, లోపలి ఖాళీ ఎలక్ట్రాన్లతో నిండుతుంది, మూత పెట్టిన గిన్నెలో ఆవిరి నిండినట్టు. గోడకు ఒక సన్నటి రంధ్రం. దానిలోంచి ఎన్ని బయటికొస్తున్నాయో కొలిస్తే లోపలి సంగతి తెలుస్తుంది. పదార్థపు పైపొర శుభ్రంగా ఉందా లేదా అన్న బాధ ఈ పద్ధతిలో చాలావరకు తప్పుతుంది. శూన్యంలో విద్యుత్తుతో కాగే సన్నటి కడ్డీలో, తీగలో ఎక్కడ ఎంత వేడి ఉంటుందన్న దాని మీద కూడా వారిద్దరూ వరుసగా పత్రాలు రాశారు. మా తాతగారి రేడియోలో ఆ అరనిమిషపు మౌనం అలాంటి తీగ కాగడానికి పట్టే సమయమే.

కృష్ణన్ 1961 జూన్‌లో కన్నుమూశారు. ప్రయోగశాల ముందున్న రోడ్డుకు ఇప్పుడు ఆయన పేరే ఉంది. ఆ దారిన వెళ్లే బస్సులో కూర్చుని నేను చాలాసార్లు ఆ బోర్డు చదివాను. కిట్ కట్టేదాకా అది వాల్వుల రోడ్డు కూడానని తట్టలేదు.

బజారులో దొరికేది, దొరకనిది

కిట్ విప్పగానే ఒక చిక్కు. పంపినవాళ్లు మా చిరునామా చూసుకోలేదో ఏమో, మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ 120 వోల్టులది వేశారు. మన ఇళ్లలో వచ్చేది 230. అలాగే తగిలిస్తే క్షణాల్లో పొగే. పైగా అమెరికా విద్యుత్తు సెకనుకు 60 ఆవర్తనాలు పూర్తిచేస్తుంది, మనది 50. అదే వోల్టేజికి 50 దగ్గర ఇనుములో అయస్కాంత అభివాహం 20 శాతం పెరుగుతుంది. అక్కడ చల్లగా నడిచే ట్రాన్స్‌ఫార్మర్ ఇక్కడ వేడెక్కిపోవచ్చు. వోల్టేజి తగ్గించే పెట్టె మధ్యలో పెట్టినా ఈ రెండో బాధ తీరదు.

మేము చాందినీ చౌక్ వెళ్లాం. ఎర్రకోటకు ఎదురుగా లజపత్‌రాయ్ మార్కెట్, ఆ పక్కనే భగీరథ్ ప్యాలెస్. మొదటిది దేశ విభజన తరువాత కాందిశీకుల దుకాణాలతో ఏర్పడ్డది. రెండోది ఒకప్పుడు బేగం సమ్రూ కట్టించుకున్న భవనం. ఆమె స్తంభాల మధ్య ఇప్పుడు వైర్ల చుట్టలు వేలాడుతుంటాయి. రెండు చోట్లా 2022లో పెద్ద అగ్నిప్రమాదాలు జరిగాయి. అయినా ఏ మరలో పోయి ఏ పరికరం ఆగిపోయినా ఢిల్లీలో జనం మొదట వెతుక్కునేది ఈ సందుల్లోనే. 1940లో మొదలైన అహూజా రేడియోస్ వంటి ఢిల్లీ సంస్థల మైకు సెట్లు శ్రీరామనవమి పందిళ్లలో మోగిన ఊళ్లు మన వైపు ఎన్నో. ఎలక్ట్రానిక్స్ ఫర్ యూ పత్రిక 1969 నుంచి ఢిల్లీలోనే వెలువడుతోంది. సర్క్యూట్ పటం చూసి ఇంట్లో వస్తువులు కట్టుకోవడం రెండు తరాల కుర్రాళ్లకు నేర్పిన పత్రిక అది.

ఒక మేడమెట్ల కింద ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టే పెద్దాయన దొరికారు. మేం కాగితం మీద రాసుకొచ్చిన లెక్కలు ఆయన చూడలేదు. ఏ వోల్టేజి, ఎన్ని మిల్లీ యాంపియర్లు, హీటరుకు ఎంత అని మూడే ప్రశ్నలు. తన నోటు పుస్తకం తిరగేసి, ఇనుప స్టాంపింగుల కొలత చెప్పి, వోల్టుకు ఇన్ని చుట్లని తేల్చేశారు. కిట్‌లోని రెండో ట్రాన్స్‌ఫార్మర్‌ను, అంటే స్పీకరుకు పోయేదాన్ని, వెలుతురుకు పట్టి చూసి, ఇందులో స్టాంపింగులన్నీ ఒకే వైపు పేర్చి మధ్యలో కాగితం పెట్టారు, ఇది ఒంటి వాల్వు సెట్టే కదా అన్నారు. నిజమే. ఒకే వాల్వు నడిపే ట్రాన్స్‌ఫార్మర్‌లో ఎప్పుడూ డీసీ పారుతూ ఉంటుంది. ఇనుములో సన్నటి సందు వదలకపోతే అది అయస్కాంతత్వంతో నిండిపోయి శబ్దాన్ని మోయలేదు. నేను ఎమ్మెస్సీలో సమీకరణంగా చదివిన సంగతిని ఆయన వేలితో తడిమి చూపించారు.

మరి కిట్‌లో ఆ సందుల్లో తయారుకానిది ఏమిటి? ఛాసీకి రేకు కోసేవాళ్లున్నారు. పెట్టె చేసే వడ్రంగి ఉన్నాడు. స్పీకరు దొరుకుతుంది. ఆగిపోయేది ఒక్కచోటే: ఆ మూడు గాజుబుడ్ల దగ్గర.

కూర్చడమా, తయారుచేయడమా?

ఈ ప్రశ్న మన దేశమూ ఎదుర్కొంది. స్వాతంత్ర్యం నాటికి రేడియోలు ఇక్కడ బిగించేవాళ్లున్నారు, వాల్వు మాత్రం ఓడలో రావాలి. అంటే దేశమే ఒక కిట్ కట్టే కుర్రాడిలా ఉండేది. బెంగళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ 1954లో ఏర్పడింది. 1961లో రేడియోలకు, యాంప్లిఫయర్లకు పనికివచ్చే వాల్వుల తయారీ మొదలుపెట్టింది. కృష్ణన్ పోయిన సంవత్సరమే అది. మరుసటి ఏడు, 1962లో, అదే సంస్థ జర్మేనియం ట్రాన్సిస్టర్ల వంటివి కూడా చేయసాగింది.

ఈ రెండు తేదీల మధ్య ఒక్క ఏడాది! విద్యార్థిగా ఉన్నప్పుడు ఇది చదివి నవ్వుకున్నాను. లోకం వదిలేస్తున్న విద్యను ఇంత శ్రమపడి నేర్చుకోవడమేమిటి, రైలు వెళ్లిపోయాక టిక్కెట్టు కొన్నట్టు లేదూ అని. ఇప్పుడు నా అభిప్రాయం మారింది. వాల్వు చేయాలంటే ఏమేం తెలియాలో ఆలోచించండి. గాజుకు లోహపు తీగను అతకాలి. వేడికి రెండూ ఒకేలా వ్యాకోచించకపోతే పగులుతుంది. వాతావరణంలో కోటో వంతు గాలి కూడా మిగలని శూన్యం సాధించాలి. వెంట్రుక కన్నా సన్నటి తీగను సమదూరంలో చుట్టాలి. ఇవన్నీ రోజుకు ఒకసారి కాదు, వేలసార్లు ఒకేలా చేయాలి. టీవీ పిక్చర్‌ట్యూబు, ప్రసార కేంద్రపు పెద్ద వాల్వు, ఎక్స్‌రే గొట్టం, రాడార్‌లోని మాగ్నెట్రాన్ అన్నీ ఈ విద్యకు అన్నదమ్ములే. పిలానీలోని కేంద్ర ఎలక్ట్రానిక్స్ పరిశోధన సంస్థ మైక్రోవేవ్ గొట్టాల మీద దశాబ్దాలుగా పనిచేస్తోంది. ఈ శూన్య విద్యలో ట్రాన్సిస్టర్ వల్ల మూలపడ్డది రేడియో వాల్వు ఒక్కటే.

1962 చైనా యుద్ధం తరువాత ఈ సంగతి ఢిల్లీకి ఘాటుగా తెలిసివచ్చింది. 1963 ఆగస్టులో హోమీ భాభా అధ్యక్షతన ప్రభుత్వం ఎలక్ట్రానిక్స్ కమిటీని వేసింది. సభ్యులు ముగ్గురు: విక్రమ్ సారాభాయ్, సూరి భగవంతం, ఎ.ఎస్. రావు. భాభాను కలుపుకుని నలుగురిలో ఇద్దరు తెలుగువాళ్లు. భగవంతంగారు కృష్ణా జిల్లా మనిషి, రామన్ శిష్యులు, అప్పటికి ఢిల్లీలో రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారు. అయ్యగారి సాంబశివరావుగారు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లు నుంచి వచ్చి ట్రాంబేలో ఎలక్ట్రానిక్స్ విభాగాన్ని పెంచినవారు. కమిటీ నివేదిక 1966లో వచ్చింది. దాన్ని అమలులో చూడటానికి భాభా లేరు, ఆ జనవరిలోనే విమాన ప్రమాదంలో పోయారు. విడిభాగాలు సొంతంగా తయారుచేసుకోనిదే పరికరాల్లో స్వావలంబన లేదన్నది దాని సారాంశం. 1967లో సాంబశివరావుగారు హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్.ను నిలబెట్టారు. ఎ.ఎస్. రావు నగర్‌లో బస్సు దిగేవాళ్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో! ఢిల్లీ పొలిమేరల్లో సాహిబాబాద్‌లో 1974లో సెంట్రల్ ఎలక్ట్రానిక్స్ ఏర్పడింది. కృష్ణన్ పెంచిన ప్రయోగశాలలో రూపొందిన ఫెర్రైట్ల వంటి భాగాలు అక్కడ ఉత్పత్తికి ఎక్కాయి.

ఇంత చేసినా గిటారు వాల్వు మనకు నిలవలేదు. రేడియోలు ట్రాన్సిస్టర్లకు మారాక కొనేవాళ్లు తగ్గారు, వాల్వుల వరుసలు ఆగాయి. దీనికి ఎవరినీ తప్పుపట్టలేం. అయితే ఒక్క మాట. యంత్రం ఆగిపోయినప్పుడు చేతుల్లోని విద్యను ఎవరైనా రాసిపెట్టారా అన్నది మనం అడగవలసిన ప్రశ్నే.

గుయ్యిమన్న పెట్టె

మూడు ఆదివారాలు పట్టింది. మొదట చెప్పిన హెచ్చరికకు ఇప్పుడు కారణం చెబుతాను. ఇలాంటి యాంప్లిఫయర్‌లో రేకుల మీద 300 వోల్టులకు పైగా డీసీ ఉంటుంది. ప్లగ్గు పీకేసిన తరువాత కూడా కండెన్సర్లు దాన్ని పట్టుకుని ఉండగలవు. రెసిస్టెన్సు ద్వారా దాన్ని దించి, మీటరుతో చూసుకున్నాకే లోపల చెయ్యి పెట్టాలి. పాత రేడియోల్లో అయితే కండెన్సర్లు ఎండిపోయి షార్టవుతాయి, కొన్నిట్లో మెయిన్స్ తీగ ఛాసీకే కలిసి ఉంటుంది. తెలిసినవాళ్లు పక్కన లేకుండా వాటిని వెలిగించే సాహసం వద్దు.

మొదటిసారి మీట వేశాం. వాల్వులు ఎర్రబడ్డాయి. అరనిమిషానికి స్పీకరులోంచి గుయ్యిమని మోత. నేను పటం ముందేసుకుని కూర్చున్నాను. మావాడు గిటారు తీశాడు. లావు తీగ మీద మూడో మెట్టు నొక్కి మీటి విన్నాడు. "ఈ స్వరం కాదు మామయ్యా, దీని కింది స్థాయిది" అన్నాడు. మూడో మెట్టు స్వరం సెకనుకు 98 కంపనాలు, దాని కింది స్థాయి 49. అంటే మోత 50 దగ్గరిది. ఏసీని డీసీ చేసేచోట లోపముంటే 100 వినిపించాలి, ఎందుకంటే అక్కడ తరంగంలో రెండు సగాలూ కలుస్తాయి. 50 వినిపిస్తోందంటే తప్పు హీటరు తీగల్లో. చూస్తే అవి గ్రిడ్ తీగ పక్కనే విడివిడిగా పోతున్నాయి. రెండిటినీ మెలిపెట్టి ఛాసీ మూలకు తోసేశాం. మోత పోయింది. ఓసిల్లోస్కోపు లేని ఇంట్లో చెవితో కొలత!

తరువాత వాడు మీట చివరికంటా తిప్పి వాయించాడు. స్వరం అంచులు చిరిగినట్టు, గరగరలాడుతూ, అయినా తియ్యగా. ఆ గరగర నిజానికి లోపమే. వాల్వు మోయగలిగిన దానికన్నా ఎక్కువ అడిగితే తరంగం శిఖరాలు చదునవుతాయి. కొత్త పౌనఃపున్యాలు పుడతాయి. ఆనాటి ఇంజనీర్లు దాన్ని తగ్గించాలనే చూశారు, వాయించేవాళ్లు దాన్నే కోరుకున్నారు. వాల్వు యాంప్లిఫయర్ నేటికీ బతికి ఉన్నది ఆ లోపం పుణ్యమే.

మా మూడు బుడ్ల మీదా స్లొవేకియా పేరుంది. అక్కడి చాద్చా పట్టణంలోని ఫ్యాక్టరీ, చెకోస్లొవేకియా కాలపు టెస్లా సంస్థ వారసత్వంతో 1990లలో నిలదొక్కుకుంది. కార్ల టెస్లా కాదండోయ్. ఇక రష్యాలోని సరాతోవ్‌లో, చైనాలో ఇలాంటివి చేస్తున్నారు. 2022 మార్చిలో రష్యా ఎగుమతులపై నిషేధం పెట్టినప్పుడు అమెరికా గిటారు లోకం గగ్గోలు పెట్టింది. కొంతకాలానికి సరఫరా తిరిగి మొదలైంది. 12ఏఎక్స్7ను కనిపెట్టిన దేశమే దాని కోసం ఓడకేసి చూడవలసి వచ్చింది. 1963లో భాభా కమిటీ ముందున్న బాధ అరవై ఏళ్లకు చుట్టుతిరిగి అక్కడికి చేరింది.

లజపత్‌రాయ్ మార్కెట్లో ఒక దుకాణం అడుగు సొరుగులో మాకు ఇంకొకటి దొరికింది: భారత్ ఎలక్ట్రానిక్స్ ముద్రతో, అట్టపెట్టె చెదరకుండా ఉన్న ఇఎల్84. వెండి మచ్చ తళతళలాడుతోంది. కాని దానికి తొమ్మిది సన్నటి కాళ్లు, మా పెట్టెలోని 6వి6 సాకెట్టుకు ఎనిమిది రంధ్రాలు. అది ఇందులో పట్టదు. మావాడు దాని చుట్టూ కొత్త సర్క్యూట్ గీసుకున్నాడు. స్పీకరు ట్రాన్స్‌ఫార్మర్ కూడా ఈసారి మెట్ల కింద పెద్దాయన చేతే చుట్టిస్తాడట. ఆయన వచ్చే మంగళవారం రమ్మన్నారు.